రంగమ్మత్తతో సైప్రస్ ఎండకు

ఎండ కోసం డబ్బు పెట్టి సముద్రం దాటిపోయిన వాళ్ళు నాగర్‌కర్నూలు తాలూకాలో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేరని ప్రమాణం చేసి చెప్పగలను. బిజినేపల్లిలో చైత్రం వచ్చిందంటే కోళ్ళు కూడా నీడ వదిలి రావు. అటువంటి ఊళ్ళో పుట్టి, రెండు వారాలు ప్రయాణం చేసి, సైప్రస్ అనే దీవిలో నెల రోజులు ఎండకు కూర్చుని వచ్చాం. వచ్చిన నాటి నుంచి కచేరీలో తోటి వకీళ్ళు, సంతలో రైతులు, చివరకు నాకు గడ్డం గీసే మనిషి కూడా ఒకటే ప్రశ్న: "ఆడి ఎండకు, మన ఎండకు ఫరకేంది సారూ?" ఒక్కొక్కరికీ చెప్పలేక నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నాను.

ముందు మా మేనత్త రంగమ్మ సంగతి చెప్పాలి. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. ఆమెకు పిల్లల్లేరు, నేను పెళ్ళి చేసుకోలేదు. నేను పెరిగిన ఉప్పునుంతలలో ఆమెకు ఒక పాత ఇల్లు, ఆముదాలు, జొన్నలు పండే చేన్లు ఉన్నాయి; ఇప్పుడు నాగర్‌కర్నూలులో నా దగ్గరే ఉంటోంది. భర్త పోయిన ఏడు శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఎదుట, తన చేత్తో వండుకున్నది తప్ప మరొకటి తిననని మాట ఇచ్చింది. పన్నెండేళ్ళు ఆ మాట మీదనే ఉంది. పోయిన వానాకాలం ఆమె కుడిచేతి వేళ్ళు కొంకర్లు పోయాయి. కుండ పట్టి గంజి వార్చలేదు, అరచేయి పరిచి జొన్నరొట్టె తట్టలేదు. వంటమనిషిని పెడతానంటే నా మొహం వంక చూడకుండా లేచిపోయింది. పాలు, పండ్లు, నానబెట్టిన అటుకులతో ప్రాణం నిలుపుకుంటూ, చలికాలం పోయేసరికి ముంజేతి వెండికడియం మోచేతి దాకా జారేటంత చిక్కిపోయింది.

హైదరాబాదులో సీమ చదువు చదివిన డాక్టరుకు చూపించాను. "వేళ్ళకు వేడి తగలాలి. రోజూ ఎండలో కూర్చోబెట్టి నూనె రాయండి" అని ఆయన ఇంగ్లీషులో అన్నాడు. అంతే అన్నాడు. కానీ ఆయన గోడకు ఓడ కంపెనీ వాళ్ళ రంగుల బొమ్మ ఒకటి వేలాడుతోంది. నీలం సముద్రం, తెల్లటి ఇల్లు, కింద సైప్రస్ అని పేరు. నలభై ఏళ్ళు వచ్చినా బొంబాయి మొహం చూడనివాణ్ణి. అత్తకు తెలుగులో చెప్పేటప్పుడు ఆ బొమ్మను కూడా మందులో కలిపేశాను.

"గా దీవి ఎండనే పడాల్నంటుండు అత్తా."

"ఎండకు కూడ గంత దూరం పోవాల్నా? మన ఎండకేమైంది?"

"మనది దొడ్డెండ. గది సన్నెండ."

"సన్నబియ్యం లెక్కనా?"

"ఆఁ, గట్లనే."

అత్త నన్ను కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి, ఆముదాలు అమ్మిన డబ్బు మూట తెచ్చి నా ముందు పెట్టింది.

బీచుపల్లి రేవు, గద్వాల

బీచుపల్లి దగ్గర కృష్ణను పుట్టిలో దాటాం. అత్త కళ్ళు గట్టిగా మూసుకుని, "సముద్రం గిట్లనే ఉంటదా?" అని అడిగింది. ఇంతకంటే జర పెద్దగ ఉంటుందని చెప్పాను.

గద్వాలలో మా దూరపు చిన్నమ్మ ఇంట్లో ఒక రోజు ఆగాం. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు కనుక మాటల్లో కన్నడం పడుతూ ఉంటుంది. మేము పోయే పని విని ముక్కు మీద వేలేసుకుంది. "ఎండకు పోతుండ్రా? హుచ్చేమన్న పట్టిందా?" అన్నది. హుచ్చంటే పిచ్చి. ఆ ఊళ్ళో మమ్మల్ని చూడవచ్చిన వాళ్ళందరూ తలో రకంగా ఆ మాటే అన్నారు. నాకు ఒళ్ళు మండి, ఒక్క పూట ముందే రాయచూరుకు బయలుదేరదీశాను.

అత్త సామాను: అర బస్తా జొన్నలు, గుప్పెడు పిండి, ఇనుప పెనం, కొయ్య పీట, అటుకుల మూట. నా సామాను: రెండు షేర్వాణీలు, ఒక ఎర్ర కుచ్చుటోపీ, అదే రూమీ టోపీ. బొంబాయి రేవులో తెల్ల అధికారి నా పెట్టె చూడనే లేదు. పెనాన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి, కొట్టి చూసి, ఇది ఏ ఆయుధమని అడిగాడు.

ఓడ మీద

ఓడలో పొయ్యి రాజేయనివ్వరు. పదకొండు రోజులు అత్త అరటిపండ్లు, అటుకులు, బెల్లంతోనే గడిపింది. నేను మాత్రం నాలుగు పూటలు గంట కొట్టగానే బల్ల దగ్గర ఉండేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మూడో రోజు అత్త మొదటిసారి పైకి వచ్చి సముద్రాన్ని చూసింది. చాలాసేపు చూసి, "గిన్ని నీళ్ళుండి ఒక్క ఎకరం తరి లేదు" అన్నది. మా పాలమూరు రైతులు తరి అనేది నీళ్ళు పారే వరిపొలాన్ని. తరువాత కిందికి పోయి, పోర్టు సయీదు వచ్చేదాకా మళ్ళీ దాని మొహం చూడలేదు.

లిమసోల్‌లో టోపీ గోల

పోర్టు సయీదులో చిన్న ఓడ మారి లిమసోల్ రేవులో దిగాం. ఓడ కంపెనీ వాళ్ళ ద్వారా మాకు గది ఇచ్చే మరూలా అనే ఆమె రేవుకు వస్తానని ఉత్తరం రాసింది. ఆమె కనిపించలేదు. గుర్రబ్బండి వాడు నన్ను ఎగాదిగా చూసి, నా ఇంగ్లీషు ఒక్క ముక్క వినకుండా ఎక్కించుకుని, నేరుగా ఒక మసీదు ముందు దింపాడు. అక్కడ అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళందరూ లేచి సలాములు చేశారు. వాళ్ళందరి నెత్తిన కూడా నా టోపీయే! ఆ దీవిలో రూమీ టోపీ పెట్టేది తురకలేనని నాకేం తెలుసు? మా కచేరీలో అయితే పంతులుగారు కూడా అదే పెట్టుకుని పేషీకి వస్తాడు.

నేను ఉర్దూలో నా సంగతంతా విన్నవించుకున్నాను. వాళ్ళకు ఉర్దూ రాదు. తురకలకు ఉర్దూ రాకపోవడమేమిటని నాకు కోపం కూడా వచ్చింది. వాళ్ళు మాత్రం చిన్న గిన్నెల్లో చిక్కటి కాఫీ పోశారు, అత్తకు నారింజపండ్లు ఇచ్చారు, పైసా ముట్టలేదు. ఒక గంటకు నల్లబట్టలు కట్టుకున్న యాభై ఏళ్ళ ఆడమనిషి రొప్పుతూ వచ్చింది. ఆమే మరూలా. హిందుస్తానీ వాడంటే తలపాగా ఉంటుందని, దాని కోసం రేవంతా వెతికిందట. ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో పదేళ్ళు వంట చేసినందున వంటింటి ఇంగ్లీషు వచ్చు. నా టోపీ లాగి సంచిలో పడేసి, గడ్డి టోపీ ఒకటి నెత్తిన పెట్టింది.

మరూలా ఇల్లు

ఆమె ఇల్లు సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో ఉంది. మట్టి గోడలు, సున్నం, పైన మట్టి మిద్దె, వాకిట్లో మేకలు, మూలకు ఇసుర్రాయి. అత్త గడపలో నిలబడి నాలుగు దిక్కులా చూసింది.

"గింత దూరమొచ్చి మిద్దింట్లనే దిగితిమి గదరా నర్సిగా!"

భోజనంతో కలిపి రోజుకు మనిషికి నాలుగు షిల్లింగులు, మన నిజాం హాలీ సిక్కాల లెక్కన మూడు రూపాయలు. ఎందుకింత అంటే, రెండు వందల ఏళ్ళనాటి ఇల్లు, పాతది కనుక దొరలు ఇష్టపడి వస్తారని మరూలా చెప్పింది. నేను తెలుగు చేశాను.

"పాతింటికి ఎక్కువ కిరాయా? మా ఉప్పునుంతల ఇల్లు ఇంకింత పాతది, వానొస్తె ఐదు తావుల కురుస్తది. గక్కడికి రమ్మను దొరలను" అన్నది అత్త.

వచ్చిన అతిథికి ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. పళ్ళెంలో ఒక సీసా నిండా పాకంలో ఊరిన పండ్లు, పక్కన చెంచాలు, చల్లటి నీళ్ళు తెచ్చి పెడతారు. మన దగ్గర పెట్టినదాన్ని మిగిలిస్తే పెట్టిన వాళ్ళను అవమానించినట్టు. అందుకని కష్టమైనా సీసా మొత్తం ఖాళీ చేశాను. అది ఒక్క చెంచాడు తిని నీళ్ళు తాగి లేవవలసిన మర్యాదట. నేను తిన్నది ఆమె ఏడాది పొడుగునా వచ్చేపోయే వాళ్ళకు పెట్టుకోవలసిన సరుకు. మర్నాటి నుంచి నాకు సీసా రాలేదు, పాకం నింపిన చెంచా ఒక్కటే వచ్చేది.

నా పొరపాట్లు అక్కడితో ఆగలేదు. బల్ల మీద గిన్నెడు నేరేడుపండ్లు కనిపిస్తే గుప్పెడు నోట్లో వేసుకున్నాను. అవి ఉప్పులో ఊరిన ఆలివు కాయలు. చెట్టుకు చింతకాయల వంటివి వేలాడుతుంటే పులుపు మీద ఆశతో కొరికాను. బెల్లం కన్న తీపి. "నేరేడు ఉప్పగ, చింతకాయ తియ్యగ. ఈ దేశం దేవునికి యాది మరుపు ఉన్నట్టుంది" అన్నది అత్త.

అత్త పట్టిన మాట సంగతి చెబితే మరూలా చిన్నబుచ్చుకోలేదు. ఆమె కూడా వాళ్ళ పెద్ద పండుగ ముందరి ఉపవాసాల్లో ఉంది. పాలు, వెన్న, గుడ్లు, నూనె, మాంసం ఏవీ ముట్టదు. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, పొయ్యి మీదేనని అత్తకు చూపించి, మేకల దగ్గరికి పోయింది. అత్త స్నానం చేసి, ఇంటి నుంచి తెచ్చిన గుప్పెడు పిండి కలిపి పీట మీద తట్టబోయింది. వేళ్ళు వంగి గోళ్ళు పిండిలో దిగబడ్డాయి. రొట్టె మూడు చీలికలైంది. రెండోది పెనం దాకా కూడా రాలేదు. పిండి కోళ్ళకు వేసి, పాలు తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంత దూరం తీసుకొచ్చి ఈమెను ఎవరూ లేని చోట చంపుకుంటానేమోనని నాకు ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

సముద్రపు ఒడ్డున వడదెబ్బ

మర్నాటి నుంచి ఎండ వైద్యం మొదలుపెట్టాను. ఇసుకలో కూర్చోబెట్టి, చేతికి నూనె రాసి, పక్కన పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. అయిదు నిమిషాలు గడిస్తే అత్త ఉండేది కాదు. పడవ నీడకు పోయేది, గోడ నీడకు పోయేది, చివరకు నా నీడలో కూర్చునేది. పుట్టినప్పటి నుంచి నీడ వెతుక్కున్న మనిషిని ఎండలో కట్టేయడం నా వల్ల కాలేదు.

మూడో రోజు, మరూలా ఇంట్లోనే దిగిన ఒక ఇంగ్లీషు దొర మా ముందర ఇసుకలో లాగు ఒక్కటి మిగుల్చుకుని, కళ్ళు మూసుకుని, చేతులు చాపుకుని పడుకున్నాడు. ఒళ్ళంతా పండుమిరపకాయ రంగులో ఉంది.

"అయ్యో, ఎవరి బిడ్డనో! ఎండదెబ్బ కొట్టి పడిపోయిండురా! పక్కపొంటి గింతమంది ఉన్నరు, ఒక్కలన్న సూస్తలేరు."

"అత్తా, వాళ్ళు కావాల్ననే పండుకుంటరు."

"మతి ఉన్నోడు కావాల్నని ఎండల పండుకుంటడా? సదువుకున్నవ్ గాని నీకేం తెల్వదు."

నేను పేపరులో పడిపోయాను. అత్త ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ఉల్లిగడ్డ నలగ్గొట్టి తెచ్చిందో చూడలేదు. తల ఎత్తేసరికి దొర అరికాళ్ళకు ఉల్లిగడ్డ రుద్దేసి, నెత్తిన చెంబెడు మజ్జిగ పోస్తోంది. దొర అరిచిన అరుపుకు పడవల్లోని జాలరులు దిగి పరిగెత్తుకొచ్చారు. నేను పరిగెత్తుకుపోయి, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను. "మా దేశంలో మధ్యాహ్నం ఎండలో పడుకున్నవాడు పోయి ఉండాలి, లేదా పోతూ ఉండాలి" అని ఎలాగో చెప్పాను. ఆయన నవ్వలేదు. జుట్టులోని మజ్జిగ కడుక్కోవడానికి సముద్రంలోకి నడిచాడు.

ఆ సాయంత్రం దొర వీపు బొబ్బలెక్కింది. కుర్చీకి ఆనుకోలేకపోయాడు. తనంతట తనే మా గది ముందుకొచ్చి, "ఆ మజ్జిగ ఇంకా ఉందేమో మీ అత్తగారిని అడుగుతారా?" అన్నాడు. అత్త చెంబు తీసుకుని లేస్తూ నా వంక ఒక చూపు చూసింది.

మైనపు చేతులు

ఆదివారం మరూలా మమ్మల్ని గుట్ట మీది పాత చర్చికి తీసుకుపోయింది. కట్టి ఆరేడు వందల ఏళ్ళయిందట. లోపల గోడలన్నీ రంగుల బొమ్మలు. కింది వరుసలో కొందరి బొమ్మలకు కళ్ళు గీకేసి ఉన్నాయి. ఆ పొడి కళ్ళజబ్బుకు మందని పాతకాలంలో జనం పట్టుకుపోయేవాళ్ళట. వచ్చిన వాళ్ళు వరుసగా ఒకే పటాన్ని ముద్దు పెట్టుకోవడం చూసి అత్త హడలిపోయింది. "గందరి ఎంగిలి దేవునికే! పాపం, ఎంత పరేషాన్ అయితుండో" అన్నది.

తరువాత ఆమె చూపు ఒక మూల ఆగిపోయింది. అక్కడ తాడుకు మైనంతో చేసిన చేతులు, కాళ్ళు, చిన్న పిల్లల బొమ్మలు కట్టి ఉన్నాయి. ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది.

"మన దిక్కు వెండివి మొక్కుకుంటరు, వీళ్ళు మైనపువి" అన్నది అత్త, మెల్లగా.

మరూలా తన ఎడమ మణికట్టు చూపించింది. నిరుడు ఆలివు చెట్టు మీంచి పడ్డప్పటి నుంచి అది వంగదు. గుమ్మం దగ్గర ముసలమ్మ వద్ద రెండు మైనపు చేతులు కొన్నది, తనకు ఎడమది, అత్తకు కుడిది. గురువారం ఫాదరుగారు వచ్చి దీవించాక కట్టాలట. అప్పటిదాకా భద్రంగా పెట్టమని నా చేతికిచ్చింది.

నేను భద్రంగానే పెట్టాను, కిటికీ గట్టు మీద, గాలి తగిలేటట్టు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కిటికీలో ఎండ నిండిపోయి ఉంది. రెండు చేతులూ మెత్తబడి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, వేళ్ళల్లో వేళ్ళు చిక్కుకుని ఒకటే ముద్దయ్యాయి. లాగితే రాలేదు. దేవుడి సొత్తు, పైగా పరాయి దేవుడి సొత్తు! దాచుదామని కండువాలో చుడుతుండగా ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మంలోకి వచ్చారు.

ముందు మరూలా నవ్వింది. తరువాత అత్త. వానాకాలం నుంచి నేను వినని నవ్వు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఎండ పన్జేసిందిరా నర్సిగా, నాకు కాదు గాని!" అన్నది. మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఆ ముద్దను చేతిలోకి తీసుకుని చూసింది. మరూలా కుడిచేయి పట్టుకుని తన ఎడమచేతి పక్కన పెట్టుకుని చూసింది.

"జొన్నలు తీస్కరా" అన్నది.

ఇసుర్రాయి దగ్గర

ఇద్దరూ ఇసుర్రాయికి ఎదురుబొదురుగా కూర్చున్నారు. ఒకే పిడి మీద అత్త ఎడమచేయి, మరూలా కుడిచేయి. అత్త మా ఊరి ఇసురు పాట ఎత్తుకుంది. మరూలా తనకు తెలిసినదేదో పాడింది. రెండింటికీ తాళం మాత్రం రాయి చూసుకుంది.

వేడినీళ్ళు పోసి పిండి పిసికారు. పీట మీద అత్త ఎడమచేత్తో తిప్పుతుంటే మరూలా కుడిచేత్తో తట్టింది. మొదటి రొట్టెకు పక్కన ఒక తోక వచ్చింది. సరిగ్గా సైప్రస్ పటం మాదిరిగానే ఉందని నేనంటే ఇద్దరూ రెండు భాషల్లో నన్ను తిట్టారు. అయిదోది గుండ్రంగా వచ్చింది. పెనం మీద పొంగింది కూడా. ఆ వాసనకు నాకు ఉప్పునుంతల కళ్ళ ముందుకొచ్చింది.

అత్త రొట్టె తుంచబోతుండగా, నోరు మూసుకుని ఉండవలసిన నేను నోరు తెరిచాను. "మరి స్వామికిచ్చిన మాట అత్తా?"

అత్త చేయి ఆగింది. నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

"స్వామికి నా చెయ్యి ఎట్లున్నదో తెల్వదా? ఇన్ని దినాలు నేను ఒక్కదాన్నే తట్టాల్నని మొండికి పోయిన. ఆయనేమో ఇంకో చెయ్యి సూపిచ్చిండు. దీంట్ల నా చెయ్యున్నదా లేదా? నువ్వే సూసినవ్. గవాహి చెప్పు."

"ఉన్నది" అని సాక్ష్యం చెప్పాను.

"మరి గమ్మునుండు."

ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డతో మూడు రొట్టెలు తిన్నది. నూనె లేదు, పాలు లేవు, తన ఉపవాసానికి కూడా సరిపోయిందని మరూలా రెండు తిన్నది. దొర వాసన పట్టుకుని వచ్చి ఒకటి తిన్నాడు. నాకు తోకది మిగిలింది. ఆనాటి నుంచి మేము ఉన్నన్ని రోజులు వాళ్ళిద్దరూ పొద్దున్నే ఇసిరి రొట్టెలు చేసుకున్నారు. గురువారం ఫాదరుగారు ఆ అంటుకుపోయిన చేతులను చూసి గడ్డం నిమురుకుని, విడదీయకుండానే దీవించి కట్టించాడు. బయలుదేరే రోజు అత్త పెనం, పీట మరూలాకే ఇచ్చేసింది. ఓడ కదిలేదాకా ఆమె రేవులో చేయి ఊపుతూనే ఉంది, వంగని చేయి.

మళ్ళీ నాగర్‌కర్నూలు

వేళ్ళు అట్లాగే ఉన్నాయి. సన్నెండ వాటిని ఒక్క నూలుపోగు కూడా సాగదీయలేదు. ఇల్లు చేరిన మర్నాడు పొద్దున, రెండో చేయి కోసం ఎవరినైనా మాట్లాడి రానా అని అడిగాను.

"ఎవరో ఎందుకు? నేను పెంచిన చెయ్యి ఇంట్లనే ఉన్నది గద" అన్నది అత్త.

నలభై ఏళ్ళ వకీలును. అంతవరకు వంటింట్లో చెంబు కూడా ముట్టినవాణ్ణి కాదు. వానాకాలం నుంచి ఆమె ఎండిపోతుంటే డాక్టర్లు, ఓడలు, దీవులు అన్నీ తోచాయి. ఆమె పక్కన కూర్చుని చేయి పెట్టాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు రోజూ కచేరీకి పోయే ముందు స్నానం చేసి పొయ్యి ముందు కూర్చుంటున్నాను. మున్సిఫుగారు నా షేర్వాణీ చేతి మీది పిండి చూసి ఏమిటని అడిగారు కూడా. కడియం మోచేతి నుంచి దిగి, మణికట్టు దగ్గర నిలబడింది.

నిన్న పొద్దున రొట్టె తడుతూ ఉండబట్టలేక నిజం చెప్పేశాను. డాక్టరు దీవి సంగతి ఎత్తనే లేదని, బొమ్మ చూసి నేనే కల్పించానని.

"నాకు గా దినమే తెల్సు. ఆడి కంపౌండరు మన తెలుగోడే. ఎండ మీ ఇంటి ముంగట ఉన్నా సాలమ్మా అన్నడు."

"మరి ఎందుకొచ్చినవ్ అత్తా, తిండి లేకుంట గంత దూరం?"

"నువ్వు గా బొమ్మ దిక్కే సూస్తుంటివి. చిన్నప్పుడు జాతరల మిఠాయి దుకాణం ముంగట గట్లనే నిలబడుతుంటివి, అడగకపోతుంటివి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఏడుస్తె పిండి పల్చనైతది. తట్టు" అన్నది.

తట్టాను.